పిల్లలతో డాబా మీద పడక: ఏర్పాట్లు ఎలా చేసుకోవాలి?

సెలవులు మొదలైతే చాలు, ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం వైపు తెలుగు ఇళ్ల నుంచి వచ్చే ప్రశ్నలు ఇంచుమించు రెండే. ఒకటి, "పిల్లలు ఫోన్ వదలడం లేదు, సమ్మర్ క్యాంపుల్లాంటివి మా ఊళ్లో లేవు, ఏం చేయించాలి?" రెండోది, "రాత్రి డాబా మీద పడుకుంటామని ఒకటే గోల. దోమలు, పాములు, పిడుగులు అని మాకు టెన్షన్. పంపవచ్చా?" పంపవచ్చు, మీరూ వెళ్లండి. రెండోదానికి సరిగ్గా ఏర్పాటు చేసుకుంటే మొదటి ప్రశ్నతో చాలావరకు పని ఉండదు. అందుకే ఇక్కడ డాబా పడక గురించి మాత్రమే, మొదటి నుంచి చివరి దాకా చెబుతున్నాను.

ఒక్క మాట ముందే చెప్పాలి. మన పిల్లలకు బడిలో ఒడియా, ట్యూషన్‌లో ఇంగ్లిష్, ఫోన్‌లో హిందీ. ఇంట్లో తెలుగు "అన్నం తిను, స్నానం చెయ్యి" దగ్గర ఆగిపోతోంది. లైట్లు తీసేశాక నిద్ర పట్టేలోపు ఉండే ఆ గంటే చాలా ఇళ్లలో పెద్దవాళ్లూ పిల్లలూ తీరిగ్గా తెలుగులో మాట్లాడుకునే సమయం. కింద చెప్పినవన్నీ ఆ గంట పాడవకుండా చూసుకోవడానికే.

కావలసినవి

- నులక మంచాలు, నవారు మంచాలు, మడత మంచాలు, ఏవైనా సరే. లేకపోతే ఈతచాపలు, వాటి మీదకు బొంతలు
- మంచానికొక దోమతెర, కట్టడానికి తాడు, నాలుగు వెదురు కర్రలు
- రెండు మూడు బకెట్ల నీళ్లు, చీపురు
- మూత ఉన్న కూజా, గ్లాసు
- ఒక టార్చి, దాని ముందు కట్టడానికి ఎర్ర రంగు పలచటి కాగితం
- తాటాకు విసనకర్రలు, పలచటి దుప్పట్లు
- రాత్రంతా పిల్లలతోనే పడుకునే పెద్దవాళ్లు ఒకరు. ఇది లేకపోతే మిగతావేవీ వద్దు.

ఏడాది నిండని పసివాళ్లు, జ్వరంతో ఉన్నవాళ్లు, ఆయాసం ఉన్న పిల్లలు కిందే పడుకోవాలి. పిట్టగోడ లేని డాబా మీద, లేదా పిల్లల ఛాతీ ఎత్తు కూడా లేని పిట్టగోడ ఉన్న డాబా మీద ఈ ప్రయత్నం చేయకండి. అలాంటివాళ్లు చివర వాకిలి గురించి చెప్పింది చూడండి.

1. రోజు చూసుకోండి

చుక్కలు చూడాలంటే క్యాలెండర్‌లో బహుళ అష్టమి నుంచి శుద్ధ చవితి దాకా ఉన్న రోజులు మంచివి. అప్పుడు చంద్రుడు బాగా పొద్దుపోయాక వస్తాడు, లేదా తొందరగా వెళ్లిపోతాడు. పున్నమి దగ్గర రోజుల్లో చుక్కలు సగానికి సగం కనబడవు, కానీ వెన్నెల్లో అన్నాలు తినడానికి ఆ రోజులే కావాలి. రెండూ ఒకే రాత్రి కావాలనుకుంటే రెండూ కుదరవు.

సాయంత్రం నాలుగైదు గంటలప్పుడు ఆకాశం చూడండి. ఏప్రిల్, మే నెలల్లో మన వైపు కాలబైశాఖి గాలివానలు సాయంత్రాలే వస్తాయి. పడమర, వాయవ్యం దిక్కుల్లో మబ్బు నల్లగా గోడలా లేస్తుంటే ఆ రోజు వద్దు. పిల్లలు అలుగుతారు. మర్నాటికి మాట ఇచ్చి నిలబెట్టుకోండి.

2. గచ్చు చల్లార్చండి

ఎక్కువమంది విసిగిపోయి కిందకి వచ్చేసేది ఇక్కడే. సిమెంటు శ్లాబు పగలంతా వేడి పీల్చుకుని రాత్రి మెల్లగా వదులుతుంది. పైన గాలి చల్లగానే ఉంటుంది, వీపు కింద మాత్రం సెగ. ముఖ్యంగా రోహిణి కార్తెలో, అంటే మే 25 ప్రాంతం నుంచి జూన్ మొదటి వారం దాకా, రోళ్లు పగిలే ఎండ అని మన పెద్దలు ఊరికే అనలేదు.

పొద్దు గూకాక మొదట పొడిగా ఊడవండి. ఆ దుమ్ము తీయకుండా నీళ్లు పోస్తే బురదవుతుంది. తర్వాత ఒక బకెట్ నీళ్లు చల్లండి. ఇది పిల్లల పని, వాళ్లకే వదిలేయండి. బట్టలు తడుపుకుంటారు, తడుపుకోనివ్వండి. మొదటిసారి చల్లిన నీళ్లు చూస్తుండగానే ఆరిపోతాయి, మట్టి వాసనతో ఆవిరి కొడుతుంది. అరగంట ఆగి రెండో బకెట్ చల్లండి. ఆ తర్వాత గంటన్నర వదిలేయండి.

చల్లారిందో లేదో ఇలా చూసుకోండి: అరచేయి గచ్చుకు పూర్తిగా ఆనించి పది లెక్కపెట్టండి. లెక్క అయ్యేసరికి చెయ్యి వెచ్చబడితే ఇంకా టైముంది. గోరువెచ్చగా కూడా అనిపించకపోతే చాపలు వేయవచ్చు. మంచాలైతే కింద గాలి ఆడుతుంది కాబట్టి అంత పట్టింపు అక్కర్లేదు.

నీళ్ల కరువు ఉన్నచోట కూరగాయలు కడిగిన నీళ్లు, బియ్యం కడుగు దాచి వాడుకోండి. లేదా గోనెసంచులు తడిపి పడక వేసే చోట మాత్రమే పరవండి. రాయగడ, గుణుపురం లాంటి లోపలి ఊళ్లలో గాలి పొడిగా ఉంటుంది, నీళ్లు చల్లితే బాగా పనిచేస్తుంది. బరంపురం, గోపాల్‌పూర్ వైపు గాలిలోనే తేమ ఎక్కువ. అక్కడ ఒక్క బకెట్ చాలు, రెండోది పోస్తే రాత్రంతా జిగట. సముద్రపు గాలి తగిలే వైపు పడక వేసుకోవడం మేలు.

3. పడక, దోమతెర

పిట్టగోడకు కనీసం రెండు బారల దూరంలో పడకలు వేయండి. గోడ దగ్గర కుర్చీలు, డ్రమ్ములు, ఇటుకల కుప్ప, పిల్లలు ఎక్కడానికి వీలయ్యేవి ఏవీ ఉంచకండి. నిద్రలో నడిచే అలవాటున్న పిల్లలను ఇద్దరు పెద్దవాళ్ల మధ్య పడుకోబెట్టి, మెట్ల తలుపుకు గడియ పెట్టండి. డాబా మీదుగా కరెంటు తీగలు పోతుంటే వాటి కిందా, వాటి దగ్గరా వద్దు. కొబ్బరిచెట్టు డాబా మీదకు వంగి ఉంటే దాని కింద కూడా వద్దు. అర్ధరాత్రి ఒక్క మట్ట ఊడినా ప్రమాదమే.

దోమతెర విషయంలో రాజీ లేదు. గజపతి, రాయగడ, కొరాపుట్ జిల్లాలు మలేరియా బాగా చూసిన జిల్లాలు. మలేరియా మోసే దోమ కుట్టేది పొద్దు గూకిన దగ్గర నుంచి తెల్లారేలోపే. సర్కారు పంచిన మందు తెర ఇంట్లో ఉంటే అదే వాడండి. కొత్తదైతే వాడే ముందు ఒక రోజంతా నీడలో ఆరేయండి. ఉతికితే మామూలు సబ్బుతో మెల్లగా ఉతికి, నీడలోనే ఆరబెట్టండి. ఎండలో వేస్తే మందు పవర్ తగ్గుతుంది.

కట్టే పద్ధతి: మంచం కోళ్లకు నాలుగు వెదురు కర్రలు నిలువుగా కట్టి, పైన తెర తగిలించి, అంచులు బొంత కిందకు చుట్టూ దోపండి. చాప మీద అయితే గొడుగులా తెరుచుకునే మడత తెర సులువు. దోపడం అయ్యాక లోపల టార్చి వేసి ఒక్కసారి నాలుగు మూలలూ చూడండి. చిరుగు ఉంటే దారంతో కుట్టేయండి, ముడి వేసినా చాలు. తెర పక్కన దోమల కాయిల్ వెలిగించవద్దు. గాలికి బొంత అంటుకుంటుంది.

4. అన్నాలు

ఎనిమిదింటికల్లా తినేయండి. డాబా మీదే తింటే ఇంకా బాగుంటుంది, కానీ కూర, పులుసు, అప్పడాలు అంటూ పదిసార్లు మెట్లెక్కి దిగే వంట పెట్టుకోకండి. పెద్ద బేసిన్‌లో పెరుగన్నం కలిపి, ఒక మూల ఆవకాయ పెట్టి, నాయనమ్మో అమ్మమ్మో చుట్టూ కూర్చున్న పిల్లల చేతుల్లో ముద్దలు పెడితే సరిపోతుంది. తినను అని మొండికేసే పిల్ల కూడా పక్కవాడి ముద్ద తనకంటే పెద్దదిగా ఉందని ఇంకోటి అడుగుతుంది. మెతుకులు ఏరి, నేల తుడిచాకే పడకలు వేయండి. లేకపోతే చీమలు.

మిగిలిన అన్నంలో నీళ్లు పోసి మూత పెట్టి ఉంచండి. పొద్దున్నే ఉల్లిపాయ, పచ్చిమిరపకాయతో చద్దన్నం. పక్కింటి ఒడియా వాళ్ల పఖాళ కూడా ఇదే దారిలోది. వాళ్లలా వడియాలు నలిపి నంజుకుంటే మన పిల్లలకూ నచ్చుతుంది.

5. చుక్కలు చూపించండి

ముందుగా డాబా లైటు, మెట్ల లైటు ఆపేయండి. చీకటికి కళ్లు అలవాటు పడటానికి ఇరవై, ముప్పై నిమిషాలు పడుతుంది. ఈలోగా ఎవరైనా ఒక్కసారి ఫోన్ తెరిచినా మళ్లీ మొదటికి వస్తుంది. ఫోన్లన్నీ కింద పెట్టి, పెద్దవాళ్ల దగ్గర ఒక్కటి మాత్రం అవసరానికి ఉంచుకోండి. టార్చికి ఎర్ర కాగితం చుట్టేది కూడా అందుకే, ఎర్ర వెలుగు కళ్లను అంతగా చెదరగొట్టదు.

మే నెల మధ్యలో రాత్రి తొమ్మిదింటికి ఉత్తరం వైపు తిరిగి, తల బాగా పైకెత్తండి. ఏడు చుక్కలు బోర్లించిన గరిటెలా కనబడతాయి. గిన్నె పడమర వైపు, కాడ తూర్పు వైపు. అవే సప్తర్షులు. ఆరే కనబడుతున్నాయని పిల్లలు అంటే నిజమే అంటున్నారు. గిన్నె, కాడ కలిసే చోట ఉండే అత్రి మిగతావాటికంటే మసక, టౌను లైట్లలో కనబడకపోవచ్చు. కాడలో నడిమి చుక్క వశిష్ఠుడు, దాన్ని ఆనుకుని చిన్నగా అరుంధతి. పెళ్లిలో చూపించారని చెప్పే అరుంధతి నిజంగా ఎక్కడుందో చాలామంది పెద్దవాళ్లకూ ఇక్కడే తెలుస్తుంది. అరుంధతి కనబడకపోతే కంగారు అక్కర్లేదు. కానీ అందరికీ కనబడే ఆ పెద్ద చుక్కలు ఒక్క పిల్లవాడికే అలుక్కుపోయినట్టు కనబడుతుంటే, వారంలోపు కళ్ల డాక్టరుకు చూపించండి.

గిన్నెకు పడమటి అంచున ఉన్న రెండు చుక్కలు, పైన పులహుడు, కింద క్రతువు. ఆ రెండింటి మధ్య దూరాన్ని కిందకు ఐదు రెట్లు సాగదీస్తే ధ్రువుడు దొరుకుతాడు. ఇది పెద్ద వెలుగున్న చుక్కేమీ కాదు, అందుకని పిల్లలు తప్పు చుక్కను పట్టుకుంటారు. సరిచూసుకునే పద్ధతి ఉంది. చెయ్యి చాపి పిడికిలి బిగిస్తే ఆకాశంలో సుమారు పది డిగ్రీలు. పిల్లల చెయ్యి చిన్నది, పిడికిలీ చిన్నదే కాబట్టి లెక్క వాళ్లకూ సరిపోతుంది. ఉత్తరాన నేల గీత మీద నుంచి పిడికిలి మీద పిడికిలి పెడితే రెండో పిడికిలి పైఅంచుకు కొంచెం కిందగా ధ్రువుడు ఉండాలి. మన ఊళ్లు దాదాపు 19 డిగ్రీల అక్షాంశం మీద ఉన్నాయి, ధ్రువుడి ఎత్తు కూడా అంతే. ఇంకా అనుమానమైతే ఒకే చోట కూర్చుని వాటర్ ట్యాంకు అంచుకో స్తంభానికో ఆ చుక్క ఎక్కడ ఆనుతుందో గుర్తు పెట్టుకోండి. తెల్లవారుజామున మెలకువ వస్తే మళ్లీ అక్కడే కూర్చుని చూడండి. అక్కడే ఉంటే అది ధ్రువుడే.

ఇప్పుడు అసలైనది. గరిటె కాడ వంపునే సాగదీస్తూ వెళితే కొంచెం నారింజ రంగులో మెరిసే పెద్ద చుక్క తగులుతుంది. అది స్వాతి. అదే వంపులో ఇంకా దక్షిణానికి వెళితే తెల్లగా చిత్త. స్వాతి మన ఊళ్లకు ప్రత్యేకమైన చుక్క. మన నడినెత్తి మీదుగా, దాదాపు సూటిగా వెళుతుంది. మే మొదట్లో రాత్రి పదకొండున్నరకు, మే మధ్యలో పదిన్నరకు, మే ఆఖరుకు తొమ్మిదిన్నరకు అది నెత్తి మీదకు వస్తుంది. ఒక కర్ర నిటారుగా పట్టుకుని, దాని మొదట్లో తల పెట్టి వెల్లకిలా పడుకుని చూస్తే కర్ర కొనకు స్వాతి ఆనుతుంది. పిల్లలు వంతులేసుకుని చూస్తారు.

స్వాతి వెలుగు మన దాకా రావడానికి సుమారు 37 ఏళ్లు పడుతుంది. అమ్మకో నాన్నకో ఆ వయసు ఉంటే, వాళ్లు పుట్టినప్పుడు బయల్దేరిన వెలుగు ఈ రాత్రి మన డాబా మీదకు వచ్చిందని చెప్పండి. ఆ తర్వాత వాళ్లు అడిగే ప్రశ్నలకు మీ దగ్గర జవాబు లేకపోయినా ఫరవాలేదు, ఫోన్ మాత్రం తీయకండి. రేపు చూద్దాం అనండి.

ఆగ్నేయంలో పది దాటాక ఎర్రగా జ్యేష్ఠ, దాని చుట్టూ వృశ్చికం ఒళ్లు. తేలు తోక చూపించమని అడుగుతారు. అది పూర్తిగా పైకి రావడానికి ఇంకా టైము పడుతుంది. రోహిణి కార్తె నడుస్తోంది కదా, రోహిణి ఏదీ అని అడిగితే, కనబడదు. ఆ రోజుల్లో సూర్యుడు రోహిణి దగ్గరే ఉంటాడు, ఆయనతోనే అస్తమిస్తుంది. కార్తెకు ఆ పేరు వచ్చింది అందుకే.

పగటి పూట ఇంకొకటి ఉంది. మే 15, 16, 17 ప్రాంతంలో మధ్యాహ్నం పన్నెండుకు ఓ పది నిమిషాల ముందు ఒక గ్లాసు బోర్లించి ఎండలో పెట్టండి. సూర్యుడు నడినెత్తిన ఉంటాడు కాబట్టి పక్కకు నీడ పడదు. నీడలోంచి చూసి వెంటనే లోపలికి వచ్చేయండి, ఎండలో నిలబెట్టకండి.

6. మాటలు

ఇక్కడ మీరు చేయాల్సింది తక్కువ. కథల లిస్టు రాసుకుని పైకి వెళ్లకండి. ఒక పొడుపు కథతో మొదలుపెట్టి వదిలేయండి: "అమ్మ చీర మడవలేం, నాన్న డబ్బు లెక్కపెట్టలేం." పైకి చూస్తూ పడుకున్న పిల్లలు జవాబు తొందరగానే పట్టేస్తారు. తర్వాత వాళ్లను బడిలో విన్న ఒడియా పొడుపు కథ అడగండి. అది తెలుగులో ఎలా చెప్పాలో వాళ్లే తంటాలు పడతారు, మధ్యలో నాయనమ్మ మాట అందిస్తుంది. తప్పు తెలుగు మాట్లాడితే దిద్దవద్దు. ఆ ఒక్క గంట దిద్దకపోతే పిల్ల ఇంకో నాలుగు వాక్యాలు మాట్లాడుతుంది.

పెద్దవాళ్లను వాళ్ల చిన్నప్పటి సంగతులు అడిగించండి. గుణుపురానికి నౌపడా నుంచి చిన్న రైలు పర్లాకిమిడి మీదుగా నడిచిన రోజులు చూసినవాళ్లు ఇంకా ఇళ్లలో ఉన్నారు. మహేంద్రతనయ ఏట్లో ఈతలు, బరంపురం ఠకురాణి యాత్రలో వేషాలు, ఏదైనా సరే. మాటలు ఆగిపోయినా కంగారు పడి పూరించకండి.

7. వాన, పిడుగు

మెరుపు కనబడగానే లెక్కపెట్టడం మొదలుపెట్టండి. ముప్పై లోపు ఉరుము వినబడితే అందరూ వెంటనే కిందకి. బొంతలు, మంచాలు తడిస్తే తడవనివ్వండి. ఆఖరి ఉరుము విన్న తర్వాత అరగంట దాకా మళ్లీ పైకి వెళ్లకండి. వాన చుక్క పడకపోయినా పిడుగు పడుతుంది. ఒడిశాలో పిడుగుపాటును రాష్ట్ర విపత్తుల్లో చేర్చింది ఊరికే కాదు. ఫోన్‌లో 'దామిని' యాప్ ఉంటే పడుకునే ముందు ఒకసారి చూసుకోండి, చుట్టుపక్కల పిడుగులు పడుతుంటే చెబుతుంది. ఎవరు చిన్నవాళ్లను ఎత్తుకోవాలి, ఎవరు తలుపు తీయాలి అనేది ముందే అనుకుని ఉంచుకోండి.

8. తెల్లారాక

ఐదింటికే వెలుగొస్తుంది, పిల్లలను అప్పుడే లేపేయకుండా ముఖం మీద పలచటి దుప్పటి కప్పండి. రాయగడ, కొండల వైపు తెల్లవారుజామున చలి కూడా వేస్తుంది. ఎండ ఎక్కేలోపు దోమతెరలు మడిచి లోపల పెట్టండి. బొంతలు మాత్రం గంటసేపు ఎండనివ్వాలి, రాత్రి తేమ పట్టి ఉంటుంది. ఎవరి పడక వాళ్లే చుట్టాలని మొదటి రోజే చెప్పేయండి.

తరచూ జరిగే పొరపాట్లు

మొదటి రాత్రే చుట్టాల పిల్లలు, వీధి పిల్లలు అందరినీ పిలవడం. ముందు మీ ఇంటివాళ్లతో కుదరనివ్వండి. టేబుల్ ఫ్యాన్ కోసం కింద నుంచి ఎక్స్‌టెన్షన్ వైరు లాగి తడి గచ్చు మీద పరచడం, ఇది ప్రాణం మీదకు వస్తుంది, విసనకర్రతో సరిపెట్టుకోండి. పిల్లలు నిద్రపోయాక పెద్దవాళ్లు మెల్లగా కిందకి జారుకోవడం, ఇదీ వద్దు. అర్ధరాత్రి లేచిన పిల్లకు పక్కన ఎవరూ కనబడకపోతే ఇంకెప్పుడూ డాబా అనదు.

సరిగ్గా కుదిరిందా అనేది పొద్దున తెలుస్తుంది. పిల్లల చేతులు, కాళ్ల మీద దోమకాట్లు చూడండి. నాలుగైదు కంటే ఎక్కువుంటే తెర దోపడంలో లోపం ఉంది. వీపు మీద చెమటకాయలు లేచాయంటే గచ్చు చల్లారకముందే పడకలు వేశారు. ఆ తర్వాతి వారాల్లో ఎప్పుడైనా చలితో జ్వరం వస్తే ఆలస్యం చేయకుండా ఆశా కార్యకర్త దగ్గరో ఆసుపత్రిలోనో రక్తపరీక్ష చేయించండి.

డాబా లేనివాళ్లకు

పెంకుటిల్లు అయితే వాకిట్లో పడుకోవచ్చు, కానీ చాప మీద వద్దు, మంచం ఉండి తీరాలి. కట్లపాము రాత్రిపూట తిరుగుతుంది, కింద పడుకున్నవాళ్లను నిద్రలోనే కరుస్తుంది. కరిచిన చోట నొప్పి, వాపు పెద్దగా ఉండవు. బొంత కింద బాగా దోపిన దోమతెర దాన్ని కూడా ఆపుతుంది. మంచం గోడకు ఆనించకండి, దుప్పటి నేల మీదకు వేలాడనివ్వకండి, కట్టెల మోపు, ఇటుకలు దగ్గర ఉండకూడదు. బయటకు వెళ్లాల్సి వస్తే టార్చి వేసి, చెప్పులు దులిపి తొడుక్కోవాలి. తెల్లవారుజామున పిల్లవాడు కారణం లేకుండా కడుపునొప్పి అన్నా, రెప్పలు వాలిపోతున్నా, మాట ముద్దగా వస్తున్నా, కాటు గుర్తు కోసం వెతుక్కుంటూ కూర్చోవద్దు, మంత్రం వేయించడానికీ పోవద్దు. 108కి ఫోన్ చేసి పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి.

అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్లు రాత్రి పడుకోవడానికి వీలు లేకపోయినా, సెక్రటరీని అడిగి తొమ్మిది నుంచి పదిన్నర దాకా టెర్రస్ తాళం తీయించుకోండి. ఒక చాప, కూజా, పెరుగన్నం బేసిన్ చాలు. మే ఆఖరు వారమైతే స్వాతి కూడా ఆ టైములోపే నెత్తి మీదకు వచ్చేస్తుంది.